మాస్టారికి రాని వాయింపు

ఆదివారం పొద్దున్న టెక్కలిలో, మా ఇంటి ముందుగదిలో పిల్లలకు గిటారు పాఠం చెబుతున్నాను. పలాస నుంచి ఫోను వచ్చింది. మాస్టారి భార్య. ఆవిణ్ణి నేను అమ్మగారని పిలుస్తాను. గొంతు ఎప్పటిలాగే నిదానంగా ఉంది.

"మీ మాస్టారు ఎల్లిపోయారమ్మా. టిఫిను తిని పడక్కుర్చీలో కూకున్నారు. మంచినీళ్లు పట్టుకుని నానొచ్చేసరికి లేరు."

"వత్తన్నాను అమ్మగారూ," అన్నాను.

పిల్లలు నా ముఖం చూసి వాయించడం ఆపేశారు. నాకు గిటారు నేర్పినాయన పోయారని చెప్పాను. వాళ్లలో అందరికంటే చిన్నది, "అయితే ఈ రోజు క్లాసు లేదా మేడం?" అని మెల్లగా అడిగింది. ఉందన్నాను. పాఠం సగంలో వదిలేయడం ఆయనకు బొత్తిగా నచ్చని పని. మొదలుపెట్టిన వరస చివరిదాకా వాయింపించి, గిటార్లు సంచుల్లో పెట్టించి, అప్పుడు పలాస బస్సెక్కాను.

కాశీబుగ్గలో వాళ్ల ఇంటి వసారాలో ఆయన్ను పడుకోబెట్టారు. చేతులు రెండూ గుండె మీద ఉన్నాయి. దగ్గరకెళ్లి ఎడమచేయి పట్టుకున్నాను. చెయ్యి చల్లబడిపోయింది. వేళ్ల కొసలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇన్నేళ్లు తీగలు నొక్కి నొక్కి కాయలు కాసిపోయిన కొసలు. బతికున్నప్పుడు ఎంత గట్టిగా ఉండేవో అంతే గట్టిగా నా అరచేతికి తగిలాయి. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆయన పేరు చెప్పినా మీలో ఎవరికీ తెలియదు. ఏ కేసెట్టు మీదా అచ్చయిన పేరు కాదు. గూడ్సు బండి గార్డుగా ఉద్యోగం చేసి పలాసలోనే రిటైరయ్యారు. డ్యూటీ లేని వేళల్లో రైల్వే క్వార్టర్సు వరండాలో గిటారు నేర్పేవారు. అందుకే ఊళ్లో అందరికీ ఆయన గార్డు మాస్టారు.

తొంభైల చివర నేను ఆయన గుమ్మం ముందుకు వెళ్లడం పాఠం కోసం కాదు. మాది బారువ. మా నాన్న సముద్రం మీద వేటకు వెళ్లేవాడు. అమ్మ పోయాక కాశీబుగ్గలో పిన్ని దగ్గర ఉండి హైస్కూల్లో చదువుకునేదాన్ని. పిన్ని ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని పలాస వీధులన్నీ తిరిగేది. సెలవుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. మాస్టారికి ఎండు నెత్తళ్లంటే ప్రాణం. ఆ రోజు పిన్ని గేటు దగ్గర గంప దించేసరికి ఆయన వరండాలో కొందరు కుర్రాళ్లను కూర్చోబెట్టుకుని గిటారు చెబుతున్నారు. యార్డులో ఏదో ఇంజను గట్టిగా కూసింది. ఆయన చెయ్యి పైకెత్తి అందరినీ ఆపి అడిగారు.

"ఆ కూత ఏ తీగ మీదుంది? సెప్పండి."

కుర్రాళ్లు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. ఆయన ఒక్కో తీగనూ మీటి, ఇదా, ఇదా అని అడుగుతున్నారు. నాకు తీగల పేర్లు తెలియవు. కానీ కూత ఇంకా చెవిలో తిరుగుతోంది. ఆయన ఒక చోట వేలు నొక్కి మీటగానే గేటు దగ్గరి నుంచి "అదే!" అని అరిచేశాను.

పిన్ని నా వీపు మీద ఒకటేసింది. "ఒలే, నోరు మూసుకోయే. పెద్దోల మజ్జిలో నీకేటి పని?"

"కొట్టకమ్మా, కొట్టకు," అంటూ మాస్టారు గేటు దగ్గరకు వచ్చారు. "ఇలారా అమ్మా. మళ్లీ సెప్పు, ఇదా? ఇదా?" అని గిటారు గేటు మీద ఆనించి మీటారు. ఎన్ని మార్చి మార్చి అడిగినా నేను అదే చోటు చెప్పాను. ఆయన పిన్ని వైపు తిరిగి, "ఈ గుంటని సాయంత్రం పూట నా దగ్గిరికి పంపు," అన్నారు.

"ఆడగుంటకి గిటారేటి బాబూ? మావు ఎండుసేపలమ్ముకున్నోలం."

"నాను గూడ్సు బండి ఎనక జెండా ఊపుకున్నోడ్ని. అయితే ఏటి?"

పిన్ని గంప నెత్తికెత్తుకుంది. నాన్న ఒప్పుకుంటే చూద్దామంది.

నాన్న బారువ నుంచి వచ్చాడు. తెల్ల చొక్కా తొడుక్కుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు భయంభయంగా ఆ వరండా మెట్టు మీద కూర్చున్నాడు. మాస్టారు ఎంత చెప్పినా కుర్చీలోకి రాలేదు. చివరికి ఆయనే దిగి వచ్చి నాన్న పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"దీని సెయ్యి పాడైపోద్దేటి బాబూ? రేపు పెళ్లి సేసుకునేవోడు సూత్తాడు," అన్నాడు నాన్న. అతని బెంగంతా నా వేళ్ల గురించే.

మాస్టారు నాన్న అరచేతిని తన చేతిలోకి తీసుకుని, తాడు ఒరుసుకుని గట్టిపడిన చోట వేలితో రాశారు. తర్వాత తన ఎడమచేతి కొసలు నాన్న చేత ముట్టించారు. "మీ సెయ్యి తాడు వల్ల ఇలగయింది. నా ఏళ్లు తీగ వల్ల ఇలగయ్యాయి. పాడయిపోయాయంటారా?"

నాన్న ఆ కొసలను చాలాసేపు తడిమాడు. ఏమనుకున్నాడో ఏమో, "సరే బాబూ, నేర్పండి," అని లేచాడు. మాస్టారు లోపలికెళ్లి, పొట్ట దగ్గర పగిలితే జిగురు పెట్టి అతికించిన పాత గిటారు తెచ్చి నా ఒళ్లో పెట్టారు. అది నాకంటే వెడల్పుగా ఉంది.

నేర్పడంలో ఆయన చండశాసనుడు. మొదట్లో రోజుల తరబడి ఒక్క తీగ తప్ప రెండోది ముట్టుకోనివ్వలేదు. ఎడమచేతి బొటనవేలు మెడ వెనకాల ఎక్కడుండాలో చాక్‌పీసుతో గీత పెట్టేవారు. పాత సబ్బుపెట్టె మూత కత్తిరించి తీగలు మీటే పిక్కు చేసి ఇచ్చారు. అది పట్టుకునే కోణం మారితే పెన్సిలుతో కణుపు మీద తట్టేవారు. తొందరపడి వాయిస్తే, "సెయ్యి ముందెల్లిపోయింది, సెవి ఇంకా స్టేషనులోనే ఉంది. దాన్ని కూడా ఎక్కించుకో," అనేవారు. డ్యూటీకి పిలుపు వస్తే పాఠం మధ్యలోనే యూనిఫాం తొడుక్కునేవారు. తొడుక్కుంటూనే చెప్పేవారు, గేటు దాకా నడుస్తూ చెప్పేవారు. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆయన వేళ్లు గాల్లో లెక్క కొడుతూ కనిపించేవి.

ఆయన ఉద్యోగంలో కొత్తగా ఖుర్దా రోడ్‌లో ఉన్నప్పుడు ఒక ముసలి ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దగ్గర నేర్చుకున్నారట. ఆ డ్రైవరును మాస్టారు దొరగారు అనేవారు. "దొరగారు ఇలగే వాయించారు" అంటే ఇక దానికి తిరుగులేదు. మేమూ అలాగే వాయించాలి. దొరగారు కూర్చున్నట్టే కూర్చోవాలి, నడుం కాస్త ఎడమకు వంచి, మెడ కాస్త కిందికి దించి.

ఒక సాయంత్రం మేమంతా వరండాలో వరసగా కూర్చుని వాయిస్తున్నాం. అమ్మగారు టీ గ్లాసులు తెస్తూ గుమ్మంలో ఆగి పకపకా నవ్వేశారు.

"ఇదేటండీ! మీ శిష్యులందరూ గాలికి ఒరిగిన కొబ్బరిసెట్లలాగ ఒకేపక్కకి వాలిపోయి కూకున్నారు!"

మాస్టారు తలెత్తి మమ్మల్ని చూశారు. నిజమే. ఒక్కరూ తిన్నగా లేరు. ఆయనా తిన్నగా లేరు. గిటారు పక్కన పెట్టేశారు.

"దొరగారికి ఎడమ తుంటి దెబ్బతింది," అన్నారు. "ఇంజను మెట్టు మీంచి జారి పడ్డారంట. నొప్పికి తట్టుకోలేక అలగ వంకరగా కూకునేవోరు. నాను అది కూడా నేర్సేసుకున్నాను. గిటారంటే అలగే కూకోవాలనుకున్నాను. ఇప్పుడు మీ అందరికీ నేర్పేసినాను."

మేం కడుపు పట్టుకుని నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ మాట ఆయన్ను లోపల ఎక్కడో పట్టుకుందని నాకు అప్పుడు తెలియలేదు.

నేను ఇంటర్ చదువుతున్న ఏడు రైల్వే ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవంలో నా చేత వాయింపించారు. ఆయన స్వయంగా కట్టిన వరస. దానికోసం నెలల తరబడి సాధన చేశాను. ఆయన ఎక్కడ ఊపిరి పీలుస్తారో నేనూ అక్కడే పీల్చాను. ఎక్కడ తీగను చిన్నగా వణికిస్తారో అక్కడే వణికించాను. అయిపోగానే హాలంతా చప్పట్లు. స్టేషను మాస్టరు గారు వేదిక ఎక్కి, "కళ్లు మూసుకుంటే అచ్చం గార్డు మాస్టారే," అన్నారు. నేను గాల్లో తేలిపోయాను. పిన్ని తన పక్కన కూర్చున్నవాళ్లందరికీ నా కూతురే నా కూతురే అని చెబుతోంది. మాస్టారు మాత్రం చప్పట్లు కొట్టి నెమ్మదిగా బయటికి వెళ్లిపోయారు.

మర్నాడు పాఠానికి వెళ్తే గిటారు తియ్యనివ్వలేదు.

"ఇంక రాకమ్మా," అన్నారు.

నాకు అర్థం కాలేదు. "తప్పు వాయించానా మాస్టారూ?"

"నేదు. ఒక్క తప్పు నేదు. అదే మరి. నాలాగ వాయించడానికి నాను ఉన్నాను కదా. నువ్వెందుకు?"

"మీరు నేర్పినట్టే వాయించాను కదా!"

"నేర్పీసినాను. నా దగ్గర ఉన్నది అయిపోయింది. నువ్వు ఇంకా ఇక్కడే కూకుంటే నా వంకర కూడా నీకు వచ్చేత్తది. నాకు రానిది, నాకు తెలీనిది ఒక్కటి వాయించి సూపించు. అప్పుడు ఈ మెట్టెక్కు. అందాకా వద్దు."

కాళ్ల మీద పడ్డాను. లేవదీశారు కానీ మాట మార్చుకోలేదు. అతికించిన ఆ పాత గిటారు మాత్రం, "అది నీదే, తీసుకెల్లిపో," అన్నారు. గేటు వేస్తున్నప్పుడు ఆయన కళ్లు తడిగా ఉండడం చూశాను. అయినా నాకు జాలి వేయలేదు. ఒళ్లు మండిపోయింది. తండ్రిలాంటివాడు అనుకుంటే గెంటేశాడని పిన్నితో చెప్పి ఏడ్చాను.

ఇంటర్ అయ్యాక టెక్కలిలో డిగ్రీలో చేరాను. అక్కడ ఒక ఆర్కెస్ట్రాలో రెండో గిటారుకు మనిషి కావాలంటే వెళ్లాను. పెళ్లిళ్లకీ, గ్రామదేవత సంబరాలకీ పాడే ఆర్కెస్ట్రా. ఓనరు నా వాయింపు విని వెంటనే తీసుకున్నాడు. అతని షరతు ఒక్కటే. "కేసెట్టులో ఎలగుంటే అలగే రావాలమ్మా. ఒక్క మీటు ఎక్కువొద్దు, ఒక్క మీటు తక్కువొద్దు." నాకు వచ్చిన విద్య సరిగ్గా అదే. మాస్టారి వాయింపును దించినదాన్ని, కేసెట్టును దించలేనా? కొన్నాళ్లు బాగానే గడిచింది. కానీ వేదిక దిగాక చేతుల్లో ఏమీ మిగిలేది కాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంకొకరి చొక్కా తొడుక్కుని తిరిగినట్టు ఉండేది. నీకు తెలిసింది ఏదైనా వాయించమని ఒక రోజు కాలేజీలో స్నేహితురాలు అడిగింది. గిటారు పట్టుకుని కూర్చున్నాను. నాదంటూ ఏదీ తట్టలేదు. మాస్టారి మాటలోని చురుకు అప్పుడు పూర్తిగా తగిలింది.

ఆ వేసవిలో బారువ వెళ్లాను. మా ఊళ్లో పెద్ద వలను పడవ మీద లోపలికి తీసుకెళ్లి అర్ధచంద్రంలా వదిలి వస్తారు. తర్వాత రెండు కొసల తాళ్లనూ ఒడ్డు మీద నుంచి ఊరంతా కలిసి లాగుతారు. చిన్నప్పటి నుంచి నేనూ లాగినదాన్నే. కెరటం ఒడ్డుకు వస్తున్నప్పుడు వల తేలికవుతుంది, గబగబా లాగాలి. కెరటం వెనక్కి వెళ్లేటప్పుడు సముద్రమే తాడును లాగుతుంది. అప్పుడు లాగితే చేతులు తెగుతాయి. మడమలు ఇసకలో పాతి ఊరికే బిగపట్టి నిలబడాలి. మళ్లీ కెరటం రాగానే గబగబా. ఇంత పని ఒళ్లంతా నిండి ఉన్నదాన్ని, అది సంగీతానికి పనికొస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఒక పొద్దున్న వల లాగాక పడవ నీడలో గిటారు పట్టుకుని కూర్చున్నాను. పిక్కు ఇసకలో ఎక్కడో పడిపోయింది. వెతికాను, దొరకలేదు. సరే అని వేళ్లతో మొదలుపెట్టాను. తాడు లాగి లాగి చేతులు ఇంకా అదే పనిలో ఉన్నాయి. బొటనవేలు లావు తీగను మీటి దాన్ని పక్కకు సాగదీసి అలాగే బిగపట్టింది. మిగిలిన వేళ్లు సన్న తీగల మీద గబగబా లాగాయి. మళ్లీ బిగపట్టడం. మళ్లీ లాగడం. ఒక్క క్షణం పాటు అది ఎంత బాగుందో! మరుక్షణం మళ్లీ పట్టుకోబోతే జారిపోయింది.

నాన్న పక్కనే కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తకుండా అన్నాడు.

"ఇదేటే, వల లాగినట్టుంది!"

"అలగే ఉందా నాన్నా?"

"ఉంది గాని, ఇప్పుడు కెరటం ఎనక్కెల్తన్నాది. నువ్వు అప్పుడే లాగీసినావు. ఆగాల."

ఆగడం. అది నాకు వచ్చేసరికి చాలా కాలం పట్టింది. కుడి మణికట్టు అలవాటు కొద్దీ పాత చోటికే పరిగెత్తేది. బొటనవేలు పొక్కి, చిట్లి, గట్టిపడింది. సెలవు దొరికితే చాలు బారువ బస్సెక్కేదాన్ని. వల లాగేదాన్ని, వాయించేదాన్ని, నాన్న కాదంటే మళ్లీ వాయించేదాన్ని. ఒకటి మాత్రం చెప్పాలి. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది మాస్టారు నేర్పిన క్రమశిక్షణే. చెయ్యి ఎక్కడికి పోయినా చెవి దాన్ని వెతికి పట్టుకునేది. ఎడమచేతి వేళ్లు చీకట్లోనైనా తమ చోట్లు తెలిసి పడేవి. కాళ్ల కింద ఆయన పోసిన గట్టి నేల లేకపోతే, ఇసకలో కాలు మోపినట్టు నేను ఎక్కడికక్కడ కూరుకుపోయేదాన్ని.

టెక్కలిలో ఒక పెళ్లి రిసెప్షనులో నా వాయింపు మొదటిసారి నలుగురిలోకి వచ్చింది. పాడేవాళ్లు వస్తున్న జీపు దారిలో ఆగిపోయింది. జనం లేచిపోతున్నారు. ఓనరు కంగారుపడి, "ఏదో ఒకటి వాయించు, జనాన్ని కూకోబెట్టు," అన్నాడు. పిక్కు జేబులో పెట్టేసి నాది వాయించాను. మొదట ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి భోజనాల బల్ల దగ్గరున్న ఆడవాళ్లు ఇటు తిరిగారు. ఒక ముసలావిడ ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే వేదిక దగ్గరకొచ్చి నిలబడింది. నేను తీగ బిగపట్టి ఆగినప్పుడల్లా ఆవిడా ఊపిరి బిగపట్టేది. వదిలినప్పుడు తల ఊపేది. ఆపేసరికి, "ఇంకోపాలి వాయించమ్మా!" అని అరిచింది. వెనక నుంచి ఈలలు వచ్చాయి.

ఓనరు ముఖం మాత్రం మాడిపోయింది. "ఇది గిటారా, జముకా?" అన్నాడు. జముకు అంటే మా వైపు కథలు చెప్పేవాళ్లు చంకలో ఇరికించుకుని, ఒంటి తీగను లాగి వదులుతూ వాయించేది. అతను తిట్టాననుకున్నాడు. నాకు లోపల సంతోషం పొంగింది. "పెళ్లిలో ఇలాటివి పనికిరావమ్మా. రేపట్నుంచి కేసెట్టులో ఉన్నది వాయించు. నేదంటే మానీ."

"మానేత్తాను," అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని నాకే తెలియదు.

మర్నాడు పలాస బస్సెక్కాను.  ఆయన కాదంటే నాకు ఆర్కెస్ట్రా కూడా లేదు. క్వార్టర్సు గేటు తీసి మెట్టు కిందే నిలబడ్డాను. మధ్యాహ్నం భోజనం చేసి వక్కపలుకు నములుతూ ఆయన బయటికొచ్చారు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. మెట్టు వైపు చూపించి, "అక్కడే కూకుని వాయించు," అన్నారు.

వాయించాను. ఆయన ఎప్పటిలా కళ్లు మూసుకోలేదు. నా కుడిచేతినే చూస్తున్నారు. చూస్తూ చూస్తూ వరండా చివరిదాకా వచ్చేశారు. అయిపోగానే, "మళ్లీ," అన్నారు. మళ్లీ వాయించాను. లోపలికెళ్లి తన గిటారు తెచ్చుకుని నాకు ఎదురుగా కింది మెట్టు మీద కూర్చున్నారు. పిక్కు తీసి పక్కన పెట్టి, నా బొటనవేలు ఎలా ఆగుతోందో చూసి, తానూ మీటారు. రాలేదు. మరోసారి మీటారు. ఆగాల్సిన చోట చెయ్యి ముందుకు దూకేసింది. ఇంకోసారి. అప్పుడూ అంతే. ఆయన నుదుటికి చెమట పట్టింది. నాకు భయం వేసింది.

ఆయన ఒక్కసారిగా పెద్దగా నవ్వారు. క్వార్టర్సు వరసంతా వినబడేలా కేకేశారు.

"ఏమోయ్, బేగి ఇలా రా! నాకు రాట్లేదు! ఈ గుంట వాయించింది నాకు రాట్లేదు, సూడు!"

అమ్మగారు చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చారు. ఏదో జరిగిందని పక్క క్వార్టర్లవాళ్లూ వచ్చారు. ఆయన గిటారు ఎత్తి పట్టుకుని అందరికీ చెబుతున్నారు, నాకు రాట్లేదు, నాకు రాట్లేదు అని. లాటరీ తగిలినవాడు కూడా అంత ఆనందంగా కేకలు వేయడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని మెట్టెక్కించి, తన కుర్చీలో కూర్చోబెట్టి అన్నారు.

"ఇప్పుడు సెప్పు మాస్టారూ. ఆ బొటనేలు ఎక్కడ ఆపాలి?"

ఆ ఏడు దసరాకు పలాసలో జరిగిన సాంస్కృతిక కార్యక్రమంలో మేమిద్దరం వేదిక ఎక్కాం. ముందు కుర్చీ నాకు వేయించి, రెండో గిటారు ఆయన పట్టుకున్నారు. నేను వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. మైకు అందుకుని, "ఇది నాను నేర్పింది కాదు. బారువ సముద్రం కాడ పుట్టింది. నాను తాళం మాత్రమే ఏత్తాను," అని చెప్పి కూర్చున్నారు. నాన్న ముందు వరసలో ఉన్నాడు. నేను తీగ బిగపట్టిన ప్రతిసారీ అతని మడమలు చెప్పుల్లో గట్టిగా నేలకు తన్ని పట్టడం పైనుంచి కనిపించింది. అతనికి తెలియకుండానే మాతోపాటు వల లాగేస్తున్నాడు. వాయింపు అయిపోయాక జనం లేచి నిలబడ్డారు. ఆ జనంలోంచి ఆర్కెస్ట్రా ఓనరు వచ్చి నా ముందు చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, మళ్లీ రా. నువ్వు ఏది వాయిత్తే అదే." వెళ్లాను. ఆ ఆర్కెస్ట్రా పేరు ఇచ్ఛాపురం దాకా పాకింది. పెళ్లివాళ్లు ముందే అడిగేవారు, ఆ సముద్రం వాయింపు ఉంటుందా అని.

తర్వాత నేను టెక్కలిలోనే ఉండిపోయి గిటారు నేర్పడం మొదలుపెట్టాను. రిటైరయ్యాక మాస్టారు అప్పుడప్పుడు ప్యాసింజరు బండెక్కి వచ్చేవారు. చేతిలో జీడిపప్పు పొట్లం, చంకలో గిటారు. నా శిష్యుల మధ్య చాప మీద కూర్చుని నా పాఠం వినేవారు. ఆ ఆగే పట్టు ఆయనకు చివరిదాకా పూర్తిగా పట్టుబడలేదు. దానికి ఆయనకు బాధా లేదు. ప్రతిసారీ తప్పి, ప్రతిసారీ నవ్వేవారు.

ఒక్కసారి మాత్రం కోప్పడ్డారు. నా శిష్యురాలు ఒకమ్మాయి అచ్చం నాలాగే బొటనవేలు సాగదీసి వాయిస్తుంటే నేను మురిసిపోతున్నాను. బయటికి పిలిచి అన్నారు.

"ఆ పిల్లది ఏ ఊరు?"

"కంచిలి, మాస్టారూ. వాళ్లకి జీడితోటలు."

"తోటల్లో పుట్టిన పిల్లకి నీ సముద్రం ఎందుకు తగిలిత్తన్నావు? సెయ్యి నిలబడే దాకా నీది నేర్పు. నిలబడ్డాక గేటు తియ్యి. నాను నిన్ను బయటికి పంపినపుడు ఎంత ఏడిశానో మీ అమ్మగార్ని అడుగు. అయినా పంపాను."

తర్వాత అమ్మగారిని అడిగాను. నేను వెళ్లిపోయిన ఆ సాయంత్రం ఆయన అన్నం ముట్టలేదట. వరండాలో నేను కూర్చునే చోట ఇంకెవరినీ కూర్చోనివ్వలేదట, నేను తిరిగి వచ్చేదాకా.

పెద్దకర్మకు శిష్యులందరం వచ్చాం. ఇచ్ఛాపురం, సోంపేట, కంచిలి, బరంపురం, విశాఖ, ఎక్కడెక్కడి నుంచో. అందరి భుజానా గిటార్లున్నాయి. భోజనాలయ్యాక ఫొటో ముందు ఒక్కొక్కరం కళ్లు తుడుచుకుంటుంటే అమ్మగారు వచ్చి నిలబడ్డారు.

"ఏడిసింది సాల్లెండర్రా. వాయించండి."

సోంపేటలో బ్యాంకు గుమస్తాగా ఉన్నతను మొదలుపెట్టాడు. ఒక్కో మీటుకూ ఎంత వ్యవధి ఇస్తాడో, ఎండాకాలం మధ్యాహ్నంలా ఉంది. ఇచ్ఛాపురం నుంచి వచ్చినతను గిటారు పొట్ట మీద దరువేస్తూ ఒడియా మేళాల ఊపు తెచ్చాడు. ఒక కానిస్టేబులు అసలు ఎవరి చెవికీ అందనంత వేగంగా వాయించాడు. ఒకావిడ తీగలను మీటిందనే కంటే నిమిరిందనాలి. నేను నాది వాయించాను. అందరం అదే వరండాలో, అదే పెన్సిలు దెబ్బలు తిన్నవాళ్లం. ఒక్కరి వాయింపు ఇంకొకరిలా లేదు.

అమ్మగారు అంతా విన్నారు. ఫొటో వైపు తిరిగి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వారు.

"ఎంత వెతికినా ఒక్కరిలోనూ మీరు కనబడ్డం నేదండీ. గెలిసేశారు!"

సాయంత్రం అందరం కలిసే పలాస స్టేషనుకు నడిచాం. విశాఖ వైపు వెళ్లేవాళ్లం ఇటు ప్లాట్‌ఫాం మీద, బరంపురం వైపు వెళ్లేవాళ్లు అటు ప్లాట్‌ఫాం మీద ఆగాం. బండ్లు ఆలస్యం. అటు నుంచి ఇచ్ఛాపురం అతను సంచి విప్పి దరువు మొదలుపెట్టాడు. ఇటు నుంచి కానిస్టేబులు అందుకున్నాడు. ఇక ఎవరూ ఆగలేదు. పట్టాలకు అటూ ఇటూ, ఎవరి తీరులో వాళ్లం, ఒకే పాటను పంచుకున్నాం. జీడిపప్పు సంచుల మీద కూర్చున్న కూలీలు లేచి వచ్చారు. టీ అమ్మేవాళ్లు కేకలు ఆపారు. ఇంతలో రెండు బండ్లూ ఒకేసారి వచ్చి మా మధ్య నిలిచాయి. అటువాళ్ల ముఖాలు కనిపించలేదు. చప్పుడులో ఎవరి వాయింపూ వినిపించలేదు. రెండు బండ్ల కిటికీల్లోంచి, పొద్దువాలే ఎర్రటి వెలుగులో, అటువైపు వాళ్ల చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కోలా, ఆగకుండా కదులుతున్నాయి.